సాగర్, సోమశిల నీళ్ల మీద పడవ హారన్లు: కొన్నేళ్లు వాడాక నా మాట

ముందే తేల్చి చెప్తాను. నాగార్జునసాగర్ బ్యాక్‌వాటర్ ఒడ్డున ఉన్న వైజాగ్ కాలనీ వైపో, శ్రీశైలం బ్యాక్‌వాటర్ ఒడ్డున ఉన్న సోమశిల వైపో సొంత పడవ వేసుకుని తిరిగేవాళ్లు గ్యాస్ డబ్బా హారన్ జోలికి పోవద్దు. గాలి పంపుతో నింపుకునే హారన్ ఒకటి పడవలో ఉంచండి. లోపల గుండు లేని ఈల ఒక్కో లైఫ్ జాకెట్‌కి ఒక్కోటి కట్టండి. మేము ఈ మూడూ వాడాం, ఎండలోనూ చలిలోనూ.

మాది గాలాలు వేసే బ్యాచ్. నలుగురు పట్టే ఫైబర్ పడవ, వెనక చిన్న పెట్రోల్ ఇంజన్. దేవరకొండ మీదుగా సాగర్ బ్యాక్‌వాటర్‌కి ఎక్కువగా పోతాం, అప్పుడప్పుడు కొల్లాపూర్ దాటి సోమశిలకి.

మొదట కొన్నది గ్యాస్ డబ్బాదే. మోత గురించి వంక పెట్టలేం, పక్కనున్నవాడు చెవులు మూసుకోవాల్సిందే. ఇలాంటి డబ్బాల మీద 115, 120 డెసిబెల్స్ అని, మైలు దూరం వినిపిస్తుందని రాసి ఉంటుంది. ఆ లెక్క హారన్ పక్కన నిలబడి కొలిచింది. దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెల్స్ తగ్గుతాయి. మీటరు దూరంలో 120 ఉన్నది కిలోమీటరు పోయేసరికి 60 దగ్గరికి, అంటే మనం మామూలుగా మాట్లాడుకునే స్థాయికి వస్తుంది. ఎదురుగాలి ఉంటే ఇంకా తక్కువ. డీజిల్ ఇంజన్ కొట్టుకుంటూ, పైన పాటలు పెట్టుకుని వచ్చే లాంచీలో సరంగుకి అది వినిపిస్తుందనుకోవడం అత్యాశ. మా లెక్కలో మూడు నాలుగు వందల మీటర్ల దాకా నమ్మొచ్చు, ఆపైన దేవుడి దయ.

అసలు గొడవ ఎండతో. 50 డిగ్రీలు దాటిన చోట పెట్టొద్దని డబ్బా మీదే రాసి ఉంటుంది. మే నెలలో నల్గొండలో బయటే 44, 45 ఉంటుంది. ఒడ్డున అద్దాలు ఎక్కించి పెట్టిన కారులో ఎంత ఉంటుందో చెప్పక్కర్లేదు. పోనీ ఐస్ బాక్సులో వేద్దామంటే, చల్లబడితే లోపల ప్రెషర్ పడిపోయి హారన్ గొంతు పట్టేస్తుంది. ఎక్కువసేపు నొక్కి పట్టినా అంతే. గ్యాస్ బయటికి పోతూ డబ్బాని చల్లబరుస్తుంది, మోత మెల్లగా కీచుగొంతులోకి దిగుతుంది. పైగా వాల్వ్ దగ్గర కొద్దికొద్దిగా లీకవుతుంది. బయటికి చూస్తే తెలియదు, వంటింటి కాంటా మీద బరువు చూసుకుంటూ ఉండాలి. ఇంత టెన్షన్ ఎవరికి కావాలి?

పంపు హారన్‌కి బైక్ టైరుకున్నలాంటి వాల్వే ఉంటుంది. ఫుట్ పంపుతో నింపొచ్చు, పంక్చర్ షాపులోనూ కొట్టించొచ్చు. దేవరకొండలో ఒక షాపతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "అన్నా, ఇది ఏ బండిదే?" అన్నాడు. మాది 80 పీఎస్ఐ దాకా పడుతుంది, అంతకు మించి కొట్టొద్దు. నిండుగా ఉన్నప్పుడు గ్యాస్ హారన్‌కి ఏమీ తీసిపోదు. గాలి తగ్గేకొద్దీ మోత తగ్గుతుంది, కాబట్టి నీళ్లలోకి పోయేటప్పుడు పంపు కూడా వెంట ఉండాలి. పడవలో కూర్చునే నింపుకోవచ్చు, గ్యాస్ డబ్బాతో ఆ వీలు లేదు. ఇంజన్ నడిపేవాడి చేతికి అందేలా తాడుతో కట్టి పెట్టండి, బ్యాగులో ఉన్న హారన్ లేనట్టే.

ఈల గురించి రెండు మాటలు. స్కూల్ పీటీ సార్ల ఈలలో ఉండే గుండు తడిస్తే ఇరుక్కుంటుంది. గుండు లేనిది నీళ్లలో మునిగి లేచినా మోగుతుంది. పడవ తిరగబడితే హారన్ ఎటు పోతుందో తెలియదు, జాకెట్‌కి కట్టిన ఈల మాత్రం మనిషితోనే ఉంటుంది.

ఇక వాడకం. పడవలు గుద్దుకోకుండా పెట్టిన 1972 నాటి అంతర్జాతీయ నిబంధనలు సముద్రం కోసం రాసినవే అయినా నేర్చుకుంటే మంచిది. ఒక చిన్న కూత వేస్తే కుడికి తిరుగుతున్నానని, రెండు వేస్తే ఎడమకని, మూడు వేస్తే ఇంజన్ వెనక్కి నడుపుతున్నానని అర్థం. గబగబా ఐదు వేస్తే నీ ఉద్దేశం ఏంటో నాకు అర్థం కావట్లేదు, ప్రమాదం అని. మా నీళ్ల మీద మొదటి మూడూ ఎవరికీ తెలియవు. ఐదు కూతలది నేర్పక్కర్లేదు, వినగానే ఎవరైనా తలెత్తి చూస్తారు.

పుట్టిలో వల వేసేవాళ్ల సంగతి వేరే. సాయంత్రం పూట సాగర్ నీళ్ల మీద థర్మకోల్ ముక్కలు, ఖాళీ సీసాలు తేలుతుంటాయి, వాటి కింద వల ఉన్నట్టు. ఒకసారి మా వాడు పుట్టిని చూసి హారన్ కొట్టాడు. అందులో ఉన్న పెద్దాయన, "ఎందుకు బిడ్డా అంత మోత? వల ఇడిసి నేనెటు పోవాలె?" అన్నాడు. తెడ్డుతో నడిచే పుట్టికి ఇంజన్ పడవకి దారి ఇచ్చే వీలుండదు. మనమే స్పీడ్ తగ్గించి చుట్టూ తిరిగి పోవాలి. ఇప్పుడు మేము దూరం నుంచే ఒక్క చిన్న కూత వేస్తాం, వస్తున్నామని తెలియడానికి. అంతే, తప్పుకోమని కాదు.

సోమశిల నుంచి శ్రీశైలం వైపు నల్లమల కొండల మధ్య మలుపుల్లో హారన్ నిజంగా పనికొస్తుంది. మలుపు ముందు నాలుగు నుంచి ఆరు సెకన్ల పొడవు కూత ఒకటి వేయాలి, అవతల ఎవరైనా ఉంటే అలాగే బదులిస్తారు. శ్రీశైలం నిండు మట్టం 885 అడుగుల దగ్గర ఉన్నప్పుడు నీళ్లు విశాలంగా పరుచుకుని ఉంటాయి. సంగమేశ్వరం గుడి బయటపడే వేసవికి పాయ సన్నబడుతుంది, పడవలు దగ్గర దగ్గరగా వస్తాయి. చిక్కేంటంటే కొండలకు తగిలి ప్రతిధ్వని రెండు వైపుల నుంచీ వస్తుంది, ఎదుటి కూత ఏ దిక్కుదో తేలదు. కూత వేశాక ఇంజన్ ఆపి కాసేపు వినండి. ఆ పని చేసేవాళ్లు తక్కువ.

పొగమంచులో నడుస్తున్న పడవ రెండు నిమిషాలు దాటకుండా ఒక పొడవు కూత వేస్తూ ఉండాలి, ఆగి ఉంటే వెంట వెంటనే రెండు. చలికాలం పొద్దున మేమైతే మంచు విడిచేదాకా ఒడ్డునే చాయ్ తాగుతూ కూర్చుంటాం.

రీల్స్ కోసం మోగించేవాళ్లకు ఒక మాట: ఈ ఒడ్డున ఉన్నది అమ్రాబాద్ టైగర్ రిజర్వ్.

పంపు హారన్ మీద నా ఫిర్యాదు ఒక్కటే. మోతనిచ్చే పల్చటి డయాఫ్రం ఎండకి బిరుసెక్కుతుంది, విడిగా దొరకదు. దాని కోసం కొత్త హారన్ కొనమంటారు. మా దాన్ని అదే మందం ప్లాస్టిక్ షీట్ గుండ్రంగా కత్తిరించి వేసి నడిపిస్తున్నాం. కాస్త బొంగురుగా మోగుతుంది కానీ పనైతే జరుగుతోంది.