రామగిరిలో పిల్లి తిండి దొరికే చిన్న షాపు: మా అనుభవం

నల్గొండలో ఇప్పుడు పిల్లి తిండి దొరకడం కష్టమేం కాదు, ఏది పెట్టాలో సరిగ్గా చెప్పేవాళ్లు దొరకడమే కష్టం. రామగిరిలో మాకు ఆ మనిషి దొరికాడు, అందుకే ఇంత పొడుగు రాస్తున్నా.

ముందు మా బుడ్డోడి సంగతి చెప్పాలి. నాలుగేళ్ల గండుపిల్లి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది, రెండో అంతస్తులో మాతోనే ఉంటాడు, బయటికి పోడు. అంతకుముందు తిండి వేరే షాపులో కొనేవాళ్లం. అక్కడ పెద్ద బస్తా విప్పి, కిలో కిలో కవర్లో కట్టి అమ్ముతారు. ప్యాకెట్ కంటే చవక. కవర్ మీద కంపెనీ ఉండదు, తారీఖు ఉండదు, లోపల ఏముందో ఉండదు. ఏడాది పాటు అదే పెట్టాం. ఒకసారి ముడి విప్పితే గుప్పున పాత నూనె వాసన వచ్చింది. అడిగితే "పిల్లి తిండి అట్లనే ఉంటది" అన్నారు, నమ్మాం.

మొన్న మే నెలలో, ఎండలు మండిపోతున్న రోజుల్లో, వాడు ఒంటికి, రెంటికి పోయే ఇసుక ట్రేలోకి ఊరికే పోయి కూర్చోవడం, లేవడం, మళ్లీ పోవడం మొదలుపెట్టాడు. మలబద్ధకం అనుకున్నాం. సాయంత్రం చేత్తో తడిమి చూస్తే పొద్దున మేం వేసిన ఇసుక వేసినట్టే పొడిగా ఉంది. ఒక్క చుక్క మూత్రం లేదు. కారులో వేసుకుని హైదరాబాద్ బయలుదేరాం. నార్కట్‌పల్లి దాకా అరుస్తూనే ఉన్నాడు, చౌటుప్పల్ వచ్చేసరికి అరవడం కూడా మానేశాడు. ఆ నిశ్శబ్దం నాకింకా చెవుల్లో ఉంది. మూత్రనాళం మూసుకుపోయిందని డాక్టర్ చెప్పి, పైపు వేసి మూత్రం తీశారు, ఎర్రగా వచ్చింది. మగపిల్లుల్లో ఆ నాళం సన్నగా ఉంటుందట, మూసుకుపోతే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోవచ్చట. మీ పిల్లి ట్రేలో ముక్కుతూ చుక్క పోయకపోతే తెల్లారేదాకా ఆగకండి, దయచేసి.

దీనికి మేం పెట్టిన డ్రై ఫుడ్ (పొడి గుళికల తిండి) ఒక్కటే కారణమని డాక్టర్ అనలేదు. కానీ నీళ్లు ఒంట్లోకి పోవాలి, తిండిలోనే పోవాలి అన్నారు. పిల్లుల పూర్వీకులు ఎడారి జంతువులు, వాటికి దాహం తక్కువ. డ్రై ఫుడ్‌లో నీళ్లు పది శాతం దగ్గర ఉంటాయి, పౌచ్‌లో వచ్చే తడి తిండిలో డెబ్బై ఐదు, ఎనభై. గిన్నెలో నీళ్లు పెట్టినా ఆ తేడాను అవి తాగి పూర్తిగా పూడ్చుకోవు.

తిరిగొచ్చాక ఈ షాపుకి పోయాం. చిన్న షెట్టర్, ఇద్దరు నిలబడితే నిండిపోతుంది. కౌంటర్‌లో ఉన్న తమ్ముడు ధర చెప్పకముందే "అక్కా, వయసెంత, బరువెంత, ఆపరేషన్ అయిందా, రోజుకి ఎన్నిసార్లు పోస్తాడు?" అని అడిగాడు. ఇన్నేళ్లలో ఏ షాపులోనూ ఈ ప్రశ్నలు వినలేదు. తర్వాత ప్యాకెట్ వెనక్కి తిప్పి చదివించాడు. మొదట రాసిన పదార్థమే బరువులో ఎక్కువ, అక్కడ చికెనో చేపో ఉండాలి కానీ మొక్కజొన్న కాదు. రోజువారీ పూర్తి ఆహారం అని రాసి ఉందా, చిరుతిండి అని రాసి ఉందా అన్నది కూడా చూడాలి.

నేను పౌచ్ మీద ప్రోటీన్ 8 శాతం చూసి ఇంత తక్కువా అన్నాను. అతను బిల్లు వెనక లెక్క వేశాడు. వంద గ్రాముల్లో 82 నీళ్లే, మిగిలింది 18, అందులో 8 ప్రోటీన్, అంటే 44 శాతం. పక్కనున్న డ్రై ఫుడ్ 30 శాతం అని రాసి ఉన్నా, దాని నీళ్లు తీసేస్తే వచ్చేది 33. ఆ చీటీ ఇంకా మా ఫ్రిజ్ మీద అంటించి ఉంది.

ఇంట్లో పెద్ద మాట పాలన్నం గురించే వచ్చింది. మా అత్తమ్మ వాళ్ల ఊళ్లో పిల్లులన్నీ పాలన్నంతోనే పెరిగాయి. నిజమే, కానీ అవి రాత్రంతా ధాన్యం దగ్గర ఎలుకలు పట్టేవి. కడుపు నింపింది ఎలుక, పాలన్నం ముద్దుకి పెట్టింది. మా బుడ్డోడికి రెండో అంతస్తులో ఎలుక ఎక్కడిది? టౌరిన్ అని ఒక పోషకం పిల్లి ఒంట్లో సరిపడా తయారు కాదు, మాంసం నుంచే రావాలి. అది లేకపోతే గుండె, కళ్లు దెబ్బతింటాయి. అన్నంలో అది ఉండదు. ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలు కూడా పడవు. ఇదంతా చెప్పాక అత్తమ్మే ఇప్పుడు చికెన్ షాపు నుంచి గుండెకాయలు తెప్పించి, ఉప్పు కారం లేకుండా ఉడికించి, ఆ నీళ్లు పారబోయకుండా వాడికి వారానికి రెండుసార్లు పెడుతుంది, ఎందుకంటే టౌరిన్ ఆ నీళ్లలోకే దిగుతుంది. కూరలో ముక్క మాత్రం వద్దు, ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ పిల్లి రక్తాన్ని పాడుచేస్తాయి. ఉడికిన బొక్కలు కూడా వద్దు.

నాలుగు కిలోల మా వాడికి ఇప్పుడు రోజుకి ఒక పౌచ్, నలభై గ్రాముల పైచిలుకు డ్రై. పౌచ్‌లో ఇంకో రెండు చెంచాల గోరువెచ్చని నీళ్లు కలుపుతా. పాత తిండి ఒక్కసారి ఆపలేదు, పది రోజుల్లో కొంచెం కొంచెంగా మార్చాం, నాలుగో రోజు అలిగి తినలేదు, అప్పుడు టెన్షన్ పడ్డాం, ఎందుకంటే పిల్లి రెండు మూడు రోజులు పస్తుంటే కాలేయానికే ప్రమాదం. మర్నాడు పౌచ్ కొంచెం వేడి చేస్తే వాసనకి వచ్చేశాడు. ఇప్పుడు ట్రేలో వాడు పోసిన చోట ఇసుక రోజుకి మూడుసార్లు ఉండకడుతోంది, అది చూస్తే నాకు కడుపు నిండుతుంది.

షాపులో లోపాలు లేవని కాదు. ధర ఆన్‌లైన్ కంటే పౌచ్‌కి నాలుగైదు రూపాయలు ఎక్కువే. ఆదివారం సాయంత్రానికి పౌచ్‌లు అయిపోతాయి. ఐదు మార్కులకి నాలుగు ఇస్తా. విడి తిండి అస్సలు అమ్మడు, తారీఖు దగ్గరపడిన ప్యాకెట్‌ని తనే చూపించి "ఇది వద్దక్కా" అన్నాడు, ఆ నాలుగూ దానికే. కిడ్నీ సమస్య ఉన్న ముసలి పిల్లుల తిండి అక్కడ ఉండదు, డాక్టర్ చీటీ చూపిస్తే హైదరాబాద్ నుంచి తెప్పిస్తాడు, మూడు రోజులు పడుతుంది, కాబట్టి ప్యాకెట్ సగానికి రాగానే చెప్పి పెట్టుకోండి.