చట్టం మారాలంటే ఏది మేలు: ధర్నానా, వినతిపత్రమా, ముసాయిదాపై అభ్యంతరమా?

విశాఖ కాలేజీ విద్యార్థులతో ఎప్పుడు మాట్లాడినా ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. వస్తున్న చట్టంలో ఒక నిబంధన మారాలంటే ఎటు వెళ్లాలి? ధర్నాలు జరిగే జీవీఎంసీ (నగరపాలక సంస్థ) ఎదుటి గాంధీ విగ్రహం దగ్గరకా, ప్రజాప్రతినిధి ఇంటికా, లేక ఒక ఉత్తరం రాసి పంపడమా?

ధర్నాను తక్కువ చేసి మాట్లాడే హక్కు ఈ ఊళ్లో ఎవరికీ లేదు. 1966లో వీధుల్లోకి వచ్చి ప్రాణాలిచ్చినవారి వల్లే ఉక్కు కర్మాగారం మనకు దక్కింది. 2021లో ప్రైవేటీకరణ వద్దంటూ శాసనసభ చేసిన తీర్మానం వెనుకా రోడ్డెక్కిన కార్మికుల ఒత్తిడి ఉంది. పాలకులు పట్టించుకోక తప్పని స్థితి కల్పించడంలో ధర్నాకు సాటి లేదు. కానీ బిల్లులోని ఏ సెక్షన్‌లో ఏ మాట తీసేయాలో, అక్కడ ఏ మాట ఉంచాలో నినాదంతో చెప్పలేం.

నా దృష్టిలో అన్నిటినీ తేల్చేది సమయం. ఆ వాక్యం ఇంకా మార్చగల దశలో ఉండగానే మన మాట చేరిందా లేదా అన్నదే చూడాలి. బిల్లు ఆమోదం పొందాక సవరణ కోసం మళ్లీ మొదటి నుంచి నడవాలి.

అందుకే కేంద్రం తెచ్చేవాటి విషయంలో నా ఓటు ముసాయిదాపై రాతపూర్వక అభ్యంతరానికే. పరిశ్రమ వల్ల పర్యావరణానికి జరిగే నష్టాన్ని ఎలా అంచనా వేయాలో చెప్పే 2020 నాటి పర్యావరణ ప్రభావ మదింపు ముసాయిదానే చూడండి. ఇలాంటి నోటిఫికేషన్లు గెజిట్‌లో వచ్చాక 60 రోజుల్లో ఎవరైనా అభ్యంతరం పంపవచ్చు. ఆసారి ఢిల్లీ హైకోర్టు గడువును ఆగస్టు 11 దాకా పొడిగించింది. మే 7న గోపాలపట్నం దగ్గరి ఆర్.ఆర్. వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే రసాయన ఆవిరి లీకై జనం ప్రాణాలు కోల్పోయిననాటికి ఆ గడువు నడుస్తూనే ఉంది. ముందస్తు పర్యావరణ అనుమతి లేకుండా మొదలైన పరిశ్రమలకు తర్వాత అనుమతి ఇచ్చే వీలు ఆ ముసాయిదాలో ఉండేది. దాని మీద మాట్లాడే అర్హత గోపాలపట్నం విద్యార్థికంటే ఎవరికి ఎక్కువ?

రాసేటప్పుడు పేరా సంఖ్య వేయాలి, అది మన వీధిలో ఏం చేస్తుందో చెప్పాలి, బదులుగా ఉండాల్సిన వాక్యం మనమే రాసివ్వాలి. ఒకే నమూనా ఉత్తరాన్ని వెయ్యి మంది పంపడంకంటే ఇలాంటివి పది వెళ్లడం నయం. కేంద్ర బిల్లుల ముసాయిదాలను కనీసం 30 రోజులు ప్రజల ముందు ఉంచాలని 2014 నాటి సంప్రదింపుల విధానం చెబుతోంది. దానికి చట్టబద్ధత లేదు కనుక తరచూ పక్కన పెట్టేస్తారు. బిల్లు పార్లమెంటు స్థాయీ సంఘానికి (బిల్లులను పరిశీలించే ఎంపీల కమిటీకి) వెళ్తే మాత్రం అభిప్రాయాలు కోరుతూ పత్రికల్లో ప్రకటన వస్తుంది. దాన్ని వదులుకోకూడదు.

రాష్ట్ర చట్టాల దగ్గర లెక్క మారుతుంది. శాసనసభలో చాలా బిల్లులు ప్రవేశపెట్టిన కొద్ది రోజుల్లోనే ఆమోదం పొందుతాయి; ఉత్తరం రాసే వ్యవధి ఉండదు. అక్కడ సమావేశాలకు ముందే సభ్యుణ్ణి కలవాలి. ఎమ్మెల్యేకంటే పట్టభద్రుల ఎమ్మెల్సీని ముందు కలవమంటాను. ఆయనను ఎన్నుకునేది చదువుకున్న ఓటర్లే. గోడు వెళ్లబోసుకుని రాకుండా, సభలో అడగదగిన ప్రశ్నను ఒక్క పేజీలో రాసి చేతికివ్వండి. మంత్రి ఇచ్చే జవాబు సభ రికార్డుల్లో ఉంటుంది, రేపు ఎవరైనా దాన్ని పట్టుకుని నిలదీయవచ్చు.

ఆన్‌లైన్ సంతకాల సేకరణ ప్రచారానికి పనికొస్తుంది, అంతే. యువ పార్లమెంటు పోటీలు సభా పద్ధతులు నేర్పుతాయి. ఎంపీ దగ్గర పరిశోధన సహాయకుడిగా పనిచేసే ఫెలోషిప్పులు మంచివే కానీ దక్కేది కొద్దిమందికే.

శ్రీకాకుళం-విజయనగరం-విశాఖపట్నం పట్టభద్రుల స్థానానికి 2023లో ఎన్నిక జరిగింది, పదవీకాలం ఆరేళ్లు. డిగ్రీ పూర్తయి మూడేళ్లు దాటినవారు ఫారం 18తో ఓటరుగా చేరవచ్చు. జాబితా ప్రతి ఎన్నికకూ కొత్తగా తయారవుతుంది కాబట్టి, అప్పుడు పేరున్నవారు కూడా మళ్లీ దరఖాస్తు చేయాల్సిందే.