1556: దిగిన రాజు, ఎక్కిన రాజు

1556 జనవరిలో ఐదో చార్లెస్ స్పెయిన్ కిరీటాన్ని కొడుకు ఫిలిప్‌కి అప్పగించాడు. వయసు 55, కానీ కీళ్లవాతంతో మనిషి కుంగిపోయాడు. అంతకు మూడు నెలల ముందే, బ్రస్సెల్స్‌ సభలో నెదర్లాండ్స్‌ వదులుకుంటూ, ఒక చేత్తో కర్ర పట్టుకుని, మరో చెయ్యి ఆరెంజ్ రాకుమారుడు, యువ విలియం భుజం మీద వేసి నిలబడ్డాడు.

అదే జనవరిలో ఢిల్లీలో మొఘల్ చక్రవర్తి హుమాయూన్ మెట్ల మీంచి పడి చనిపోయాడు. ఫిబ్రవరి 14న పంజాబ్‌లోని కలానౌర్‌లో ఓ ఇటుకల గద్దె మీద అతని 13 ఏళ్ల కొడుకు అక్బర్‌ని కూర్చోబెట్టారు. పేరు పిల్లాడిది, పెత్తనం అతని సంరక్షకుడు బైరాం ఖాన్‌ది.

చార్లెస్ వదులుకోవడానికి సగం యూరప్ ఉంది. అక్బర్‌కి నిలబెట్టుకోవడానికే దిక్కులేదు. ఢిల్లీ కూడా ఆఫ్ఘన్ సూర్ వంశపు సేనాని హేము చేతికి పోయింది. నన్నడిగితే ఈ రెండోదే ఆసక్తికరం: నవంబర్ 5న పానిపట్టులో గెలుపు అంచున ఉన్న హేము కంట్లో బాణం దిగింది. ఏనుగు మీద నాయకుడు కనబడకపోయేసరికి సైన్యం చెదిరిపోయింది.

చార్లెస్ మాత్రం 1557లో స్పెయిన్‌లోని యూస్తే మఠం చేరి, తనకిష్టమైన గడియారాల మధ్య కాలం గడిపాడు.