ఆస్ట్రేలియా ఎమర్జెన్సీ కౌంటర్‌లో అడిగే మూలాల ప్రశ్న: ఏర్పాటు బాగుంది, అడగడమే సరిగ్గా లేదు

ఆస్ట్రేలియాలో ప్రభుత్వాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్తే, పేరు, పుట్టిన తేదీ, మెడికేర్ (ప్రభుత్వ ఆరోగ్య బీమా) కార్డుతో పాటు ఒక ప్రశ్న అడుగుతారు: "మీరు ఆబొరిజినల్ లేదా టోరెస్ స్ట్రెయిట్ ఐలాండర్ మూలాలున్నవారా?" ఆబొరిజినల్‌లు, టోరెస్ స్ట్రెయిట్ దీవులవాళ్లు ఆ దేశపు మూలవాసులు. దేశమంతటికీ ఇదే ప్రామాణిక ప్రశ్న. జవాబు చెప్పి తీరాలని లేదు, రుజువు కాగితాలూ అక్కర్లేదు.

ఫారంలో గడులు మూడే: "కాదు"; "అవును, ఆబొరిజినల్"; "అవును, టోరెస్ స్ట్రెయిట్ ఐలాండర్". రెండూ అయితే రెండు 'అవును'లకూ టిక్కు పెట్టాలి. కంప్యూటర్‌లోకి వెళ్లేసరికి ఇవి ఐదు కోడ్లవుతాయి: 1 ఆబొరిజినల్ మాత్రమే, 2 టోరెస్ స్ట్రెయిట్ ఐలాండర్ మాత్రమే, 3 రెండూ, 4 ఏదీ కాదు, 9 చెప్పలేదు. ఈ 9ని రోగి ముందు ఒక జవాబుగా పెట్టకూడదు. రోగి చెప్పనన్నప్పుడో, స్పృహలో లేక, తెలిసినవాళ్లూ పక్కన లేక అడగడం కుదరనప్పుడో సిబ్బంది వేయాల్సిన కోడ్ అది. ఇంతవరకూ వంక పెట్టడానికేమీ లేదు.

చెడేదంతా రద్దీ రాత్రి కౌంటర్ దగ్గరే. క్లర్కు రోగి మొహం చూసి 4 కొట్టేస్తారు. తెల్లగా ఉన్న ఆబొరిజినల్ మనిషి అక్కడే లెక్కలోంచి జారిపోతారు. లేదంటే "మీరు ఆబొరిజినల్ కాదు కదా?" అంటారు, వెనకాల క్యూ వింటుండగా అలా అడిగితే ఎవరైనా "కాదు" అనే అంటారు. అంబులెన్స్‌లో వచ్చినవాళ్లను నేరుగా బెడ్ మీదికి తీసుకెళ్తారు, తర్వాత అడుగుదామనుకుంటారు, ఆ తర్వాత ఎవరూ అడగరు. సాఫ్ట్‌వేర్ పాత రికార్డులోని 4ను తనంతట తానే నింపేస్తే, ఒకసారి పడిన తప్పు ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతుంది.

సరిచేయడం కష్టమేం కాదు. "ఇది అందరినీ అడుగుతాం" అని చెప్పి, ప్రశ్నను ఉన్నదున్నట్టు చదవాలి. గడి ఖాళీగానే మొదలవ్వాలి. నొప్పితో మెలికలు తిరుగుతున్న మనిషిని అప్పుడే అడగక్కర్లేదు, మందు పనిచేశాక బెడ్ దగ్గర మెల్లగా అడగొచ్చు. రికార్డులో 9 ఉన్న రోగి మళ్లీ వచ్చినప్పుడు అడగమని సాఫ్ట్‌వేర్ గుర్తు చేయాలి. పసిబిడ్డకు తల్లి జవాబే దించేయకూడదు, మూలం తండ్రి వైపు నుంచీ రావచ్చు.

"ఎందుకు అడుగుతున్నారు?" అని రోగి అడిగితే క్లర్కు దగ్గర గట్టి జవాబుండాలి. ఆబొరిజినల్ లైజన్ ఆఫీసర్‌ను (మూలవాసి రోగులకు ఆసుపత్రిలో తోడుండే ఉద్యోగిని) పిలవడానికి ఈ కోడే దారి. మూలవాసుల్లో ఎంతమంది చూపించుకోకుండానే వెళ్లిపోతున్నారో తెలిసేదీ దీనివల్లే. మెల్‌బోర్న్ సెయింట్ విన్సెంట్స్ ఆసుపత్రి ఇంకో అడుగు ముందుకేసింది: మూలవాసి రోగులకు ట్రయాజ్‌లో (ఎవరిని ముందు చూడాలో తేల్చే వరసలో) కనీసం 3వ కేటగిరీ ఇస్తోంది, అంటే 30 నిమిషాల్లోపు చూడాలన్న లక్ష్యం. అడిగినందుకు ఇలాంటిదేదో జరిగితేనే జనం నమ్మి చెబుతారు.

అక్కడున్న మనవాళ్లకు ఒక మాట. ప్రశ్న ఆ దేశపు మూలవాసుల గురించే కాబట్టి, మన ఏజెన్సీ నుంచి వెళ్లిన కోయ, గోండు కుటుంబాలవాళ్లు కూడా "కాదు" అనే చెప్పాలి. కౌంటర్‌లో పనిచేసే తెలుగువాళ్లు మాత్రం, ఎదుటి మనిషి ఎలా కనిపించినా, ప్రశ్న దాటేయకండి.