సీలింగ్ లీకేజీకి ఇంజెక్షన్ చేయిస్తున్నారా? ముందు నా 38,700 సంగతి వినండి

వైజాగ్‌లో, ముఖ్యంగా ఎంవీపీ కాలనీ, సీతమ్మధార, లాసన్స్ బే వైపు పాత అపార్ట్‌మెంట్లలో ఉంటున్నవాళ్ళు ఇది చదివాకే ఎవరికైనా అడ్వాన్స్ ఇవ్వండి. కాలనీ గ్రూపుల్లో ఒక వాటర్‌ప్రూఫింగ్ కాంట్రాక్టరు వారానికోసారి తడిసిన సీలింగ్ ఫొటో, పక్కనే తెల్లగా మెరిసే సీలింగ్ ఫొటో పెట్టి "పగలగొట్టకుండా లీకేజీ మాయం, 10 ఏళ్ళ గ్యారెంటీ" అని రాస్తుంటాడు చూడండి, అతనే. పేరు రాసేయాలనే ఉంది, మా ఆయన వద్దంటున్నారు. ఎవరో మీకు ఎలాగూ తెలిసిపోతుంది.

మాది 1996లో కట్టిన బిల్డింగు. 2014లో హుద్‌హుద్‌కి కిటికీ అద్దాలు పోయాయి గానీ గోడ బీట కూడా వేయలేదు. ఈ జులైలో మా బెడ్‌రూమ్‌లో, బాత్రూమ్ గోడకి ఆనుకున్న మూల, సీలింగ్ మీద మరక మొదలైంది. తర్వాత చుక్కలు, తర్వాత పెచ్చులు. ఒకచోట చువ్వ బయటపడింది. మనకి అసలే సముద్రం గాలి. దానికి నీళ్ళు కూడా తోడైతే చువ్వ తుప్పుపట్టి ఉబ్బుతుంది, ఉబ్బి చుట్టూ ఉన్న కాంక్రీటును పగలగొట్టుకుంటూ పోతుంది. నా టెన్షన్ అంతా అదే. పైఫ్లాట్‌లో మామ్మగారు ఒక్కరే ఉంటారు. ఈ వయసులో ఆవిడ బాత్రూమ్ టైల్స్ తవ్విద్దామని అడగడానికి నాకు నోరు రాలేదు. అందుకే "పగలగొట్టకుండా" అన్న మాట చూడగానే ఫోన్ చేసేశాను. మా ఆయన "ముందు పైన పైపు చూపించు" అన్నారు. వింటేగా.

అతను వచ్చాడు, ఫోన్ టార్చి వేసి రెండు నిమిషాలు సీలింగ్ చూశాడు. పైఫ్లాట్ మెట్టు ఎక్కలేదు. "శ్లాబులో క్రాక్ మేడమ్, పీయూ ఇంజెక్షన్ కొడితే లాకైపోతుంది" అన్నాడు. పీయూ అంటే పాలీయురేథేన్ అనే కెమికల్. కింద నుంచి శ్లాబుకి డ్రిల్లుతో రంధ్రాలు పెట్టి, నాజిళ్ళు బిగించి, పంపుతో కెమికల్ ఎక్కిస్తారు. నీళ్ళు తగిలితే అది నురగలా పొంగి పగులు మూసేస్తుంది. ఒక్కో రంధ్రం ఒక పాయింటు, పాయింటుకి 450. "40 పాయింట్లు పడతాయి, అంతే" అన్నాడు. పని రోజు నేను స్కూల్లో ఉన్నాను, ఇంట్లో అత్తయ్య ఉన్నారు. సాయంత్రానికి 86 పాయింట్లు అయ్యాయట. 86ని 450తో గుణిస్తే 38,700. ఫోన్‌పేలో కట్టేశాను, అదీ అతని తమ్ముడి నంబరుకి. బిల్లు అడిగితే గ్యారెంటీ కార్డు చేతిలో పెట్టాడు. లామినేషన్ చేసిన కార్డు. ఈ మొత్తం వ్యవహారంలో నిజంగా వాటర్‌ప్రూఫ్ అయినది అదొక్కటే.

18వ రోజు రాత్రి ఫ్యాన్ బాక్సులోంచి నీళ్ళు. కరెంటు లీకైతే సరఫరా ఆపేసే ఈఎల్‌సీబీ స్విచ్చి పడిపోయి ఇల్లంతా చీకటి. 11 సార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. కాలనీ గ్రూపులో అతని ఫొటోల కిందే మా బకెట్ ఫొటో పెడితే ఆదివారం పొద్దున్నే ప్రత్యక్షమయ్యాడు.

బూట్లు విప్పకుండా బెడ్‌రూమ్‌లోకి వచ్చేశాడు. పైనుంచి మామ్మగారిని కూడా రమ్మన్నాను, ఎదురుగానే మాట్లాడుకుందామని. అతను గోడ మీద చెయ్యి వేసి, "ఇది లీకేజీ కాదు మేడమ్, చెమ్మ. ఏసీ వేస్తారు కదా, శ్లాబుకి చెమట పడుతుంది" అన్నాడు. కింద బకెట్లో టప్పుటప్పుమని చుక్కలు పడుతూనే ఉన్నాయి.

"చెమటకి బకెట్ నిండుతుందా బాబూ?" అన్నాను.

"మేం కొట్టిన చోట కారట్లేదు చూడండి. పక్కన కారుతోంది. అది వేరే పాయింటు."

కార్డు తెచ్చి చూపించాను. తీసుకుని, కొత్తగా చూస్తున్నట్టు మొత్తం చదివి, నవ్వాడు. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతోంది. "గ్యారెంటీ కెమికల్‌కి మేడమ్, లీకేజీకి కాదు. పదేళ్ళలో కెమికల్ పాడైతే నాకు ఫోన్ చేయండి."

"కెమికల్ పాడైందని నాకెలా తెలుస్తుంది?"

"లీకైతే తెలుస్తుంది."

"లీకవుతోంది కదా!"

"ఇది వేరే లీకేజీ మేడమ్."

నేను ఇంకా ఈ తర్కంలోంచి తేరుకోలేదు, మామ్మగారు మెల్లగా అడిగారు: "మరి కేసు మాటేమిటమ్మా?" ఏం కేసని అడిగాను. అప్పుడు బయటపడింది. మా ఇంట్లో పని అయిన మర్నాడే ఇతను పైకి వెళ్ళి, "కింద వాళ్ళు మీ మీద కేసు పెడతామంటున్నారు, మీరు టైల్స్ జాయింట్లు వేయించుకుంటే నేను సర్దిచెబుతాను" అని ఆవిడ దగ్గర 9,500 పట్టుకుపోయాడు. మూడు వారాలుగా ఆవిడ మెట్ల మీద ఎదురైనా తల తిప్పుకుని వెళ్ళిపోతుంటే, లీకేజీ గొడవకి విసిగిపోయారేమో అనుకున్నాను. ఏటా నాకు మాగాయ పెట్టి పంపే మనిషి. ఆవిడ మీద నేను కేసు పెడతానా? అతని వైపు తిరిగితే ఫోన్ చూసుకుంటున్నాడు. "ఏదో మిస్‌అండర్‌స్టాండింగ్ మేడమ్" అన్నాడు. గుమ్మం దగ్గర ఆగి ఇంకో మాట కూడా అన్నాడు: "అయినా ముప్పై ఏళ్ళ బిల్డింగు మీద ఇన్ని ఆశలు పెట్టుకుంటే ఎలా మేడమ్? అమ్మేసి కొత్తది కొనుక్కోండి." 38,700 పోయినందుకు కన్నా ఈ మాటకే ఎక్కువ కోపమొచ్చింది. ఆ ముసలావిడ ముందు అనడం ఇంకా.

ఆ తర్వాతది త్వరగా చెప్పేస్తాను. వాచ్‌మన్ ఒక పాత ప్లంబర్ని తీసుకొచ్చాడు. అతను సీలింగ్ చూడటానికన్నా ముందు నన్నే ప్రశ్న అడిగాడు: రాత్రి పైన ఎవరూ నీళ్ళు వాడనప్పుడు కూడా చుక్క పడతాదా? పడుతుందన్నాను. వాడినప్పుడే కారితే ట్రాపో (నేల మీద నీళ్ళు బయటికి పోయే చోటు), టైల్స్ జాయింట్లో అనుకోవాలట. రాత్రీపగలూ ఒకేలా కారితే ట్యాంకు నుంచి వచ్చే లైనేనట. పైఫ్లాట్ బాత్రూమ్ వాల్వు రాత్రి కట్టించాడు. తెల్లారేసరికి చుక్క ఆగింది. నాలుగు టైల్స్ తీస్తే గోడలో గీజర్ లైను, పాత జీఐ (ఇనుప) పైపు. మలుపు దగ్గర ఉండే ఎల్బో చేత్తో పట్టుకోగానే బిస్కెట్టులా విరిగింది. దాన్ని వదిలేసి గోడ మీదుగా కొత్త సీపీవీసీ (ప్లాస్టిక్) లైను వేశాడు. సామానుతో కలిపి 2,600. "ఏటమ్మా, పైపు చూడకుండా శ్లాబుకి ఇన్ని సూదులు పొడిపించీసేరా?" అన్నాడు. తల దించుకున్నాను. ఇంజెక్షన్ చేసిన చోట దారి మూసుకుపోయేసరికి నీళ్ళు పక్కకి పాకి ఫ్యాన్ బాక్సు పట్టుకున్నాయట. అంటే 38,700 పోసి లీకేజీని కరెంటు దగ్గరికి నేనే తీసుకెళ్ళాను.

అది నిన్నటి సంగతి. రాత్రి నిద్ర పట్టక మంచం మీద పడుకుని సీలింగ్ మీద తెల్ల మచ్చలు లెక్కపెట్టాను. 61. రెండోసారి కూడా 61. 25 పాయింట్లు గాల్లో కొట్టినట్టున్నాడు, వాటికే 11,250 అయింది. 22 ఏళ్ళుగా పిల్లలకి లెక్కలు చెబుతున్నాను నేను. తలెత్తి లెక్కపెట్టలేకపోయాను.

సరే, మీకు పనికొచ్చే ముక్క: ఎవరిని పిలిచినా ముందు పైఫ్లాట్ వాల్వు ఒక రాత్రి కట్టి చూడండి, ఖర్చు లేని పని. పైకి వెళ్ళి చూడకుండా రేటు చెప్పేవాడికి టీ కూడా ఇవ్వకండి. కార్డు కాదు, జీఎస్టీ నంబరున్న బిల్లు అడగండి, గ్యారెంటీ దేనికో అందులో రాయించుకోండి. నీళ్ళు ఫ్యాన్ దాకా వస్తే మెయిన్ బోర్డులో ఆ లైను ఎంసీబీ స్విచ్చి కట్టేయండి. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశాను. కట్టింది 5 లక్షల లోపైతే జిల్లా వినియోగదారుల కమిషన్లో ఫీజు ఉండదు, ఫిర్యాదు రెండేళ్ళ లోపు వేయాలి. బిల్లు లేదు కాబట్టి నేను ఫోన్‌పే స్క్రీన్‌షాట్లు, ఆ కార్డు, 61 మచ్చల ఫొటోలు పెట్టుకుని వెళ్తున్నాను. మామ్మగారు కూడా సంతకం పెడతానన్నారు.

సీలింగ్ ఆరాక పెచ్చులు తీసి చువ్వలకి పూత వేయించి పుట్టీ పెట్టించాలి. నమ్మకమైన మేస్త్రీ ఎవరైనా తెలిస్తే చెప్పండి. గ్రూపుల్లో ఫొటోలు పెట్టేవాళ్ళు మాత్రం వద్దు.