నేచురలిస్ట్ వాలంటీర్ (ప్రకృతిని గమనించి, నలుగురికీ చెప్పే స్వచ్ఛంద కార్యకర్త) అవ్వాలంటే: కోర్సా, పక్షులు చూసే ఆదివారం నడకా?

ఖర్చు: కోర్సుకు ఫీజు కట్టాలి. నడకకు ఓ బైనాక్యులర్ చాలు. పక్షిని గుర్తుపట్టే మెర్లిన్, చూసిన పక్షుల్ని నమోదు చేసే ఈబర్డ్ యాప్‌లు ఉచితమే.

శ్రమ: కోర్సులో పాఠం వరుసగా సాగుతుంది. నడకలో ఎదురైందే పాఠం. 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా గుర్తింపు పొందిన, హైదరాబాద్ దగ్గరి అమీన్‌పూర్ చెరువుకే వెళ్లండి. బుల్లి లకుముకికి పొట్ట నారింజ రంగు; పెద్దదానికి తల, పొట్ట చాక్లెట్ రంగు, గొంతు తెలుపు. కళ్లారా చూశాక ఇక తికమక ఉండదు.

రిస్క్: ఒంటరి నడకలో తప్పు పేరు అలవాటైతే దిద్దేవాళ్లుండరు. కోర్సులోనా? సర్టిఫికెట్ చేతికొచ్చాక చెరువు గట్టు ఎక్కనివాళ్లూ ఉంటారు, అదే నాకు టెన్షన్.

బడి పిల్లలకు చెప్పాలనుకుంటే కోర్సు చేయండి. కాలనీ చెరువులో పక్షుల లెక్క రాయాలంటే నడకే మేలు, తెలిసినవాళ్లను ఒకరిని వెంటబెట్టుకుని.