పెద్దవాళ్లు పడిపోకుండా ఉండాలంటే ఏది మేలు: వాకింగా, మెదడు ఆటలా, బ్యాలెన్స్ సాధనా?

రోజూ నడుస్తూ ఉంటే చాలు, పడిపోయే భయం ఉండదని చాలామంది నమ్మకం. నడక గుండెకు, షుగర్‌కు మంచిదే. కానీ పడకుండా కాపాడేది కాళ్ల బలం ఒక్కటే కాదు, ధ్యాస కూడా.

వయసులో ఉన్నప్పుడు నడక దానంతట అదే సాగిపోతుంది. పెద్దయ్యేకొద్దీ ఆ పనిలో కొంత భారం నుదుటి వెనకున్న మెదడు భాగం మీద పడుతుంది. మాటకు, ఆలోచనకు ధ్యాస పంచాల్సిందీ ఆ భాగమే. అందుకే నడుస్తూ ఉండగా పలకరిస్తే కొందరు ఆగిపోయి జవాబిస్తారు. 1997లో స్వీడన్ పరిశోధకులు 58 మంది వృద్ధులను గమనిస్తే 12 మంది ఇలా ఆగారు. వారిలో 10 మంది ఆరు నెలల్లోపే పడ్డారు. మీ ఇంట్లో పెద్దవాళ్లు ఇలా ఆగుతుంటే దయచేసి తేలిగ్గా తీసుకోకండి.

మరి ధ్యాసే సమస్య అయితే పదకేళీలు, ఫోన్‌లో మెదడు ఆటలు సరిపోవా? నాకైతే నమ్మకం లేదు. కుర్చీలో కూర్చుని ఆడే ఆటలో తూలడం, సర్దుకోవడం అనేవే ఉండవు. సరదాకి ఆడుకోవచ్చు, అంతే.

నా ఓటు బ్యాలెన్స్ సాధనకే. ఒంటికాలి మీద నిలబడటం, కుర్చీలోంచి చేతులు ఆనకుండా లేవడం, మడమకు మరో కాలి వేళ్లు ఆనించి నడవడం లాంటివి. 2019లో కాక్రేన్ అనే అంతర్జాతీయ వైద్య పరిశోధకుల సంస్థ తన సమీక్షలో ఎన్నో అధ్యయనాలను కలిపి చూస్తే, ఇలాంటి వ్యాయామాలతో పడిపోవడాలు 24 శాతం తగ్గాయి. నెమ్మది కదలికలతో చేసే చైనా వ్యాయామం తాయ్ చీతో 19 శాతం. ఒట్టి నడక విషయంలో మాత్రం స్పష్టత రాలేదు.

దీనికి ధ్యాస పనినీ జోడిస్తే ఇంకా మంచిదని నా అభిప్రాయం. 2016లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనంలో కొందరు ట్రెడ్‌మిల్ మీద ఊరికే నడిచారు, మరికొందరు తెర మీద కనిపించే అడ్డంకులను దాటుతూ నడిచారు. తర్వాతి ఆరు నెలల్లో రెండో జట్టువాళ్లు బాగా తక్కువసార్లు పడ్డారు. ఆ యంత్రం అందరికీ దొరకదు. నడుస్తూ వంద నుంచి మూడేసి తగ్గిస్తూ లెక్కపెట్టడం లాంటివి ఇంట్లోనే ప్రయత్నించవచ్చు.

ఇప్పటికే ఒకసారి పడినవాళ్లు మాత్రం సొంతంగా మొదలుపెట్టకూడదు. ముందు ఫిజియోథెరపిస్ట్‌కు చూపించుకోవాలి, పక్కన ఒకరు తోడుండాలి. నిద్రమాత్రలు వాడుతుంటే అవి ఇంకా అవసరమా అని డాక్టర్‌ని అడగాలి. ఆ మత్తులో తూలి పడేవాళ్లు తక్కువేం కాదు.